సిడ్నీ చాప్‌మన్

సిడ్నీ చాప్‌మన్ (జనవరి 29, 1888 - జూన్ 16, 1970) ఇంగ్లాండు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, భూభౌతిక శాస్త్రవేత్త. వాయువుల అణుచలన సిద్ధాంతం, వాతావరణంలోని ఆటుపోట్లు, ఓజోన్ పొర పుట్టుక, భూ అయస్కాంత తుఫానులు, రాత్రి ఆకాశపు సహజమైన వెలుగు వంటి అనేక రంగాలలో ఈయన మౌలికమైన కృషి చేసాడు. 1957-58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరానికి అధ్యక్షుడుగా వ్యవహరించాడు. జీవితంలోని చివరి పదిహేడేళ్ళు అధిక భాగం అమెరికాలో, ముఖ్యంగా అలాస్కాలో, ధ్రువ ప్రాంతపు ఆకాశాన్ని అధ్యయనం చేస్తూ గడిపాడు. ధ్రువరాత్రులలో పరారుణ కాంతిని పట్టే కెమెరాలతో ఎత్తైన గాలి పొరల్లోని అలలను చిత్రించడం నేడు ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా ఎదిగింది. ఆ శాఖకు కావలసిన రెండు మూలసూత్రాలను, అంటే గాలి ఎలా ఊగుతుంది, రాత్రి పూట గాలి ఎందుకు వెలుగుతుంది అనే వాటిని, మొదట గణితంలో పెట్టినవారిలో చాప్‌మన్ ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

చాప్‌మన్ ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతంలో, సాల్‌ఫర్డ్ పట్టణానికి సమీపాన ఉన్న ఎక్లెస్ అనే ఊరిలో జన్మించాడు. 1902లో సాల్‌ఫర్డ్ లోని సాంకేతిక విద్యాలయంలో చేరాడు. 1904లో, పదహారేళ్ళ వయసులో, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి ఆ ప్రాంతపు పాలకమండలి ఇచ్చే విద్యార్థి వేతనాల కోసం పరీక్ష వ్రాసాడు. ఉన్నవి 15 వేతనాలు. ఈయనకు వచ్చిన స్థానం పదిహేనవది. ఇంకొక్క మెట్టు కిందికి జారి ఉంటే తన జీవితం ఏ దారి పట్టి ఉండేదో అని ఆయన పెద్దవాడయ్యాక కూడా తలచుకునేవాడు.

మాంచెస్టర్‌లో మొదట చదివినది ఇంజనీరింగు. ద్రవాల ప్రవాహాన్ని గురించి చదివిన వారందరికీ తెలిసిన ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ ఆ శాఖకు అధిపతి. గణితం చెప్పినవారు హొరేస్ లాంబ్, ఆ తరువాత కొత్తగా వచ్చిన జె.ఇ. లిటిల్‌వుడ్. 1907లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాక మరొక సంవత్సరం అక్కడే ఉండి గణితంలో కూడా పట్టా సంపాదించాడు. లాంబ్ సలహా మీద కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు వెళ్ళాడు. అక్కడ ఆయన పరిశోధనకు మార్గదర్శి జి.హెచ్. హార్డీ. భారతీయ పాఠకులకు రామానుజన్ కారణంగా సుపరిచితమైన ఆ హార్డీయే. అయితే రామానుజన్ ట్రినిటీకి వచ్చింది 1914లో. అప్పటికే చాప్‌మన్ శుద్ధ గణితాన్ని వదలి ఆకాశం వైపు తిరిగాడు.

గ్రీనిచ్ వేధశాల

1910లో గ్రీనిచ్ లోని రాయల్ అబ్జర్వేటరీలో ముఖ్య సహాయకుడి ఉద్యోగం ఖాళీ అయింది. కొత్తగా రాజ ఖగోళవేత్త పదవిలోకి వచ్చిన ఫ్రాంక్ డైసన్ ఆ ఉద్యోగం చాప్‌మన్‌కు ఇచ్చాడు. అక్కడ అయస్కాంత పరికరాలను ఆధునికీకరించే పని ఈయన మీద పడింది. అయస్కాంత సూచికల కొలతలు, భారమితి కొలతలు దశాబ్దాల తరబడి గంటగంటకూ నమోదై, ఏటేటా అచ్చయి, అల్మారాలలో పేరుకుపోతున్నాయి. వాటిని చదివి అర్థం చెప్పేవారు మాత్రం చాలా తక్కువ. ఈ నిర్లక్ష్యమే చాప్‌మన్‌ను భూభౌతిక శాస్త్రంలోకి లాగింది. తరువాతి అరవై సంవత్సరాలు ఆయన చేసిన పనికి ముడిసరుకు చాలావరకు ఇటువంటి పాత అంకెల పట్టికలే.

1914లో అధ్యాపకుడిగా ట్రినిటీకి తిరిగి వచ్చాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. చాప్‌మన్ యుద్ధాన్ని నమ్మనివాడు. సైన్యంలో చేరకుండా మినహాయింపు పొంది, 1916 నుండి 1918 వరకు గ్రీనిచ్‌లోనే పనిచేసాడు. దేశమంతా యుద్ధావేశంలో ఉన్న రోజులలో ఇది సులభమైన నిర్ణయం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఆయన ఆలోచన మారింది. హిట్లర్ పాలన చూసాక సైన్యానికి శాస్త్ర సలహాదారుగా పనిచేయడానికి ఒప్పుకున్నాడు.

వాయువుల అణుచలన సిద్ధాంతం

1916-17 సంవత్సరాలలో చాప్‌మన్ ప్రచురించిన పత్రాలు వాయువుల సిద్ధాంతంలో ఒక పాత చిక్కును విప్పాయి. అణువులు ఒకదానితో ఒకటి గుద్దుకునే తీరు తెలిస్తే ఆ వాయువు జిగట ఎంత, వేడిని ఎంత వేగంగా మోస్తుంది, రెండు వాయువులు ఎలా కలుస్తాయి అనేవి లెక్కగట్టడం ఎలా అన్నది ఆ చిక్కు. మాక్స్‌వెల్, బోల్ట్‌జ్‌మన్ సమీకరణాలు వ్రాసి వదలిన చోటు నుండి చాప్‌మన్ ముందుకు సాగాడు. స్వీడన్‌లో డేవిడ్ ఎన్‌స్కాగ్ కూడా అదే సమయంలో, వేరే దారిన, అదే సమాధానానికి చేరుకున్నాడు. అందుకే దానిని చాప్‌మన్-ఎన్‌స్కాగ్ సిద్ధాంతం అంటారు.

ఈ లెక్కలో ఎవరూ ఊహించని ఫలితం ఒకటి బయటపడింది. రెండు వాయువుల మిశ్రమాన్ని ఒక పక్క వేడిగా, ఒక పక్క చల్లగా ఉంచితే, సాధారణంగా బరువైన అణువులు చల్లని వైపుకు, తేలికైనవి వేడి వైపుకు కొద్దిగా జరుగుతాయి. దీనిని ఉష్ణ విసరణ అంటారు. మాక్స్‌వెల్ తన లెక్క సులువు కావడానికి ఎంచుకున్న ప్రత్యేకమైన అణువులకు ఈ ప్రభావం సున్నా అవుతుంది. కాబట్టే ఆ మహాశయుడికి ఇది కనిపించలేదు. 1917లో ప్రయోగం దీనిని ధ్రువీకరించింది. ఈ విషయంపై టి.జి. కౌలింగ్‌తో కలిసి 1939లో వ్రాసిన గ్రంథం ఇప్పటికీ ప్రామాణికమే.

ఎగువ గాలి పొరల్లో తేలిక వాయువులు, బరువు వాయువులు ఎలా వేరుపడతాయి అనే ప్రశ్నకు ఈ సిద్ధాంతం నేరుగా అవసరపడింది. 1920లో ఇ.ఎ. మిల్న్‌తో కలిసి అత్యున్నత వాతావరణపు కూర్పు మీద ఒక పత్రం వ్రాసాడు. అప్పటి నుండి చాప్‌మన్ దృష్టి భూమికి వంద కిలోమీటర్ల ఎత్తు చుట్టూ తిరుగుతూనే ఉంది.

గాలిలో ఆటుపోట్లు

సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్లే గాలికీ ఉండాలి కదా అన్నది న్యూటన్ కాలం నుండి ఉన్న ప్రశ్న. చంద్రుడు సముద్రాన్ని లాగినట్లే గాలినీ లాగుతాడు. కాని భారమితిలో ఆ జాడ పట్టుకోవడం బహు కష్టం. ఫ్రాన్సులో లాప్లాస్ పారిస్ కొలతలతో ప్రయత్నించి నమ్మదగిన ఫలితం పొందలేకపోయాడు. ఉష్ణమండలంలో, వాతావరణం రోజూ ఒకే తీరుగా ఉండే సెయింట్ హెలీనా వంటి దీవులలో, 1840 దశకంలో ఆ జాడ దొరికింది. గాలివానలతో భారమితి పైకీ కిందకీ ఊగిపోయే ఇంగ్లాండులో అది అసాధ్యమనే అందరూ అనుకున్నారు.

చాప్‌మన్ గ్రీనిచ్ లోని 64 సంవత్సరాల గంటగంట కొలతలు తీసుకున్నాడు. పీడనం బాగా మారిన రోజులన్నిటినీ పక్కన పెట్టి, ప్రశాంతమైన రోజులను మాత్రమే ఉంచుకున్నాడు. ఆ రోజులను సూర్యుని గడియారం ప్రకారం కాక చంద్రుని గడియారం ప్రకారం తిరిగి పేర్చి సగటు కట్టాడు. 1918లో సమాధానం ప్రకటించాడు. చంద్రుని వలన గ్రీనిచ్ గాలి పీడనంలో కలిగే ఊపు ఒక మిల్లీబారులో నూరో వంతుకు కాస్త ఎక్కువ. సాధారణమైన ఒక తుఫాను దాటిపోయినప్పుడు అదే భారమితి 20, 30 మిల్లీబార్లు మారుతుంది. అంటే సంతలో జనం కేకల మధ్య ఒక చేతి గడియారం చప్పుడు విన్నట్లు. కంప్యూటర్లు లేని కాలంలో ఈ పని అంతా చేతి లెక్కలతో జరిగింది.

సూర్యుని వలన కలిగే ఆటుపోటు ఇంకొక చిక్కు తెచ్చింది. భారమితి రోజుకు రెండు సార్లు పెరిగి తగ్గుతుంది. మన ప్రాంతాల వంటి ఉష్ణమండలంలో ఇది ఎంత క్రమంగా జరుగుతుందంటే, ఉదయం పది గంటలకు, రాత్రి పది గంటలకు పీడనం గరిష్ఠంగా ఉంటుందని వాతావరణ కేంద్రాలలో పనిచేసే వారందరికీ తెలుసు. సూర్యుడు గాలిని వేడి చేసేది రోజుకు ఒక్కసారే అయినప్పుడు ఊపు రెండు సార్లు ఎందుకు? కెల్విన్ 1882లో దీనికి అనునాదం కారణమన్నాడు. వాతావరణానికి 12 గంటల సహజ ఊపు ఉన్నదని, అందువల్ల ఆ భాగమే పెద్దదవుతుందని ఆయన ఊహ. చాప్‌మన్ కూడా చాలా కాలం ఈ ఊహను సమర్థించాడు. 1931లో భారతదేశపు వాతావరణ శాస్త్రవేత్త ఎస్.కె. ప్రామాణిక్, ఇంగ్లాండుకు చెందిన జె. టాపింగ్‌లతో కలిసి ప్రపంచవ్యాప్తంగా గాలి ఊగిసలాటల మీద పత్రం కూడా ప్రచురించాడు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రాకెట్లు పైకి వెళ్ళి ఉష్ణోగ్రతలు కొలిచాయి. అనునాదానికి కావలసిన అమరిక అక్కడ లేదని తేలింది. 1960 దశకపు మొదట్లో అసలు కారణం దొరికింది. కింది గాలిలోని నీటి ఆవిరి, 50 కిలోమీటర్ల ఎత్తు చుట్టూ ఉన్న ఓజోన్ సూర్యరశ్మిని పీల్చి వేడెక్కడమే ఈ ఊపును నడిపిస్తున్నది. ఎత్తైన ఓజోన్ పొర వేడెక్కినప్పుడు రోజుకు ఒక్కసారి ఊగే భాగం భూమి వరకు సరిగా దిగదు, రెండు సార్లు ఊగే భాగం దిగుతుంది. ఆ ఓజోన్ అక్కడ ఎలా పుట్టిందో ముప్పై ఏళ్ళ ముందు చెప్పినవాడు చాప్‌మనే కావడం చిత్రం. రిచర్డ్ లిండ్‌జెన్‌తో కలిసి ఈ కథనంతా ఒక పుస్తకంగా వ్రాసాడు. అది 1970లో, చాప్‌మన్ మరణించిన సంవత్సరమే వెలువడింది.

ఓజోన్, రాత్రి ఆకాశపు వెలుగు

1930లో చాప్‌మన్ ప్రతిపాదించిన ఓజోన్ సిద్ధాంతం పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది. సూర్యుని అతినీలలోహిత కిరణం ఆమ్లజని అణువును రెండు పరమాణువులుగా విడగొడుతుంది. ఒక్కో పరమాణువు మరొక ఆమ్లజని అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ తిరిగి సూర్యకాంతి వలన గాని, మరొక ఆమ్లజని పరమాణువు తగలడం వలన గాని విడిపోతుంది. పుట్టుక, నాశనం సమతూకంలో ఉన్న చోట పొర నిలుస్తుంది. ఈ లెక్క ఓజోన్ పొర ఉండవలసిన ఎత్తును బాగానే చెప్పింది గాని, ఓజోన్ మోతాదును ఎక్కువగా చూపింది. లోపించినది నైట్రోజన్, హైడ్రోజన్, క్లోరిన్ సంయోగ పదార్థాల పాత్ర. నైట్రోజన్ ఆక్సైడుల సంగతి పాల్ క్రుట్జెన్ 1970లో తెలియజేసాడు.

80 కిలోమీటర్ల పైన కథ మారుతుంది. అక్కడ గాలి పలుచన. పగలు విడిపోయిన ఆమ్లజని పరమాణువులకు తోడు దొరకక, చాలా రోజుల పాటు ఒంటరిగా మిగిలిపోతాయి. పగలు పీల్చిన సూర్యశక్తి ఇలా నిల్వ ఉండి, రాత్రి నెమ్మదిగా వెలుగుగా బయటపడుతుంది. అమావాస్య రాత్రి, దీపాలు లేని పల్లెలో, నక్షత్రాల మధ్య ఖాళీ కూడా పూర్తి నలుపు కాదు. అందులో కొంత భాగం ఈ గాలి వెలుగే. ఇంగ్లీషు నుండి వచ్చిన ఎయిర్‌గ్లో అనే మాటకు బదులు ఈ వ్యాసంలో వాయుదీప్తి అన్నాము. స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1868లో ధ్రువజ్యోతి లేని ఆకాశంలో కూడా అదే ఆకుపచ్చ గీతను చూసాడు. ఆ గీత ఆమ్లజని పరమాణువుదని 1925లో కెనడాలో మెక్లెనన్, ష్రమ్ తేల్చారు.

1931లో రాయల్ సొసైటీలో ఇచ్చిన బేకేరియన్ ఉపన్యాసంలో చాప్‌మన్ ఈ వెలుగుకు కారణం చెప్పాడు. మూడు ఆమ్లజని పరమాణువులు ఒక చోట కలిసినప్పుడు రెండు జతకూడతాయి, విడుదలైన శక్తిని మూడవది పుచ్చుకొని ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇది ఒక్క అడుగులో జరగదని, ముందు ఉత్తేజితమైన అణువు ఏర్పడి అది తన శక్తిని పరమాణువుకు అందిస్తుందని తరువాతి పరిశోధనలో తేలింది. శక్తి ఎక్కడి నుండి వస్తుందన్న మూల ఊహ మాత్రం నిలిచింది.

1939లో రాత్రి ఆకాశపు పసుపుపచ్చ గీతకు కారణం చెప్పిన తీరు ఇంకా మెరుగైనది. ఉల్కల వలన ఆ ఎత్తున చేరే సోడియం పరమాణువు ఓజోన్‌తో కలిసి సోడియం ఆక్సైడు అవుతుంది. దానికి ఆమ్లజని పరమాణువు తగిలితే సోడియం మళ్ళీ విడిపోయి వెలుగుతుంది. సోడియం ఖర్చు కాదు, ఆమ్లజని మాత్రమే ఖర్చవుతుంది. కొద్దిపాటి సోడియం అంత వెలుగు ఎలా ఇస్తుందన్న ప్రశ్నకు ఇదే జవాబు.

1950లో అమెరికాలో ఏడెన్ మైనెల్ రాత్రి ఆకాశపు పరారుణ భాగంలో బలమైన కాంతి పట్టీలను గుర్తించాడు. అవి హైడ్రాక్సిల్ అణువులవి. హైడ్రోజన్ పరమాణువు ఓజోన్‌తో కలిసినప్పుడు ఇవి పుడతాయని అదే సంవత్సరం డేవిడ్ బేట్స్, మార్సెల్ నికోలే వివరించారు. సోడియం బదులు హైడ్రోజన్‌ను ఉంచితే చాప్‌మన్ చక్రమే ఇది. కంటికి కనబడే ఆకుపచ్చ గీత కంటే ఈ పరారుణ వెలుగు మొత్తం మీద వేల రెట్లు ఎక్కువ. మన కళ్ళు పరారుణాన్ని చూడగలిగి ఉంటే రాత్రులు ఇంత చీకటిగా తోచేవి కావు.

ఈ ఎత్తులను అధ్యయనం చేసే శాస్త్రానికి పేరు కావాలని 1946లో నేచర్ పత్రికకు లేఖ వ్రాసి, ఏరోనమీ అన్న మాటను సూచించినది కూడా చాప్‌మనే. పేర్లు పెట్టడంలో ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండేది.

అయస్కాంత తుఫానులు, బిర్కిలాండ్ వివాదం

1931లో తన శిష్యుడు విన్సెంట్ ఫెరారోతో కలిసి చాప్‌మన్ అయస్కాంత తుఫానులకు కొత్త సిద్ధాంతం ఇచ్చాడు. సూర్యుని నుండి విద్యుదావేశ కణాల మేఘం వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని నొక్కుతుందని, ఆ మేఘంలో భూమి చుట్టూ ఒక గుహ వంటి ఖాళీ ఏర్పడుతుందని చెప్పాడు. నేడు అయస్కాంతావరణం అంటున్నది ఈ గుహనే. 1940లో జర్మనీకి చెందిన జూలియస్ బార్టెల్స్‌తో కలిసి భూ అయస్కాంతత్వం మీద వ్రాసిన రెండు సంపుటాలు, రెండు దేశాలు యుద్ధంలో ఉండగానే అచ్చయ్యాయి.

ఈ రంగంలోనే ఆయన పెద్ద పొరపాటు కూడా ఉంది. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియాన్ బిర్కిలాండ్ (1867 - 1917) ఉత్తర ధ్రువ ప్రాంతంలో చలికాలాలు గడిపి, ధ్రువజ్యోతి వేళ ఆకాశం నుండి నిలువుగా అయస్కాంత రేఖల వెంట విద్యుత్ ప్రవాహాలు దిగుతున్నాయని ప్రతిపాదించాడు. చాప్‌మన్ దీనిని అంగీకరించలేదు. ప్రవాహాలన్నీ అయనావరణంలో అడ్డంగానే తిరిగి మూసుకుంటాయని వాదించి, అందుకు అందమైన గణితం సమకూర్చాడు. నేల మీద కొలతలతో మాత్రమే ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడం సాధ్యం కాదు. అయినా చాప్‌మన్ మాటకున్న బరువు వలన బిర్కిలాండ్ ఊహ దాదాపు యాభై సంవత్సరాలు మరుగున పడింది. 1960 దశకం చివర ఉపగ్రహ కొలతలు, 1970 దశకంలో మరింత స్పష్టమైన కొలతలు బిర్కిలాండ్ చెప్పినదే సరి అని చూపాయి. ఆ ప్రవాహాలకు ఇప్పుడు బిర్కిలాండ్ పేరే ఉన్నది. చాప్‌మన్‌ను అభిమానించేవారు కూడా ఈ విషయంలో ఆయన తన గణితాన్ని అవసరానికి మించి నమ్మాడని ఒప్పుకుంటారు.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం

1882-83లోను, 1932-33లోను ప్రపంచ దేశాలు కలిసి ధ్రువ సంవత్సరాలు జరిపాయి. ఏప్రిల్ 5, 1950న అమెరికాలోని మేరీలాండ్‌లో జేమ్స్ వాన్ అలెన్ ఇంటిలో చాప్‌మన్ గౌరవార్థం ఒక విందు జరిగింది. భోజనాల తరువాత లాయిడ్ బర్క్‌నర్ మరో యాభై ఏళ్ళు ఆగకుండా పాతికేళ్ళకే మూడవ ధ్రువ సంవత్సరం జరపాలని అన్నాడు. 1957-58లో సూర్యుని మచ్చలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అదే సరైన సమయమని చాప్‌మన్ సమర్థించాడు. ధ్రువాలకే పరిమితం కాకుండా భూమి మొత్తాన్ని పరిశీలించాలని నిర్ణయమయ్యాక, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం అన్న పేరు సూచించినదీ ఈయనే.

నిర్వాహక సంఘానికి చాప్‌మన్ అధ్యక్షుడు, బర్క్‌నర్ ఉపాధ్యక్షుడు, హైడ్రాక్సిల్ వెలుగును వివరించిన నికోలే కార్యదర్శి. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరినొకరు అనుమానంతో చూసుకునే ఆ రోజులలో 67 దేశాలను ఒక పట్టిక ప్రకారం కొలతలు తీసేలా ఒప్పించడం చిన్న పని కాదు. తైవాన్ ప్రాతినిధ్యంపై అభ్యంతరంతో చైనా చివరలో తప్పుకుంది. జూలై 1957 నుండి డిసెంబరు 1958 వరకు పని సాగింది. స్పుత్నిక్ ఎగిరినది ఈ కాలంలోనే. పరిశీలించవలసిన అంశాలలో ధ్రువజ్యోతి, వాయుదీప్తి చేరాయి. దక్షిణ ధ్రువం మీద అమెరికావారి అముండ్‌సెన్-స్కాట్ కేంద్రం, సోవియట్ వారి వొస్తోక్, బ్రిటన్ వారి హాలీ, ఆస్ట్రేలియా వారి డేవిస్ కేంద్రాలు దీని కోసమే వెలిసాయి. 1985లో ఓజోన్ రంధ్రాన్ని బయటపెట్టినది హాలీలో అప్పటి నుండి ఆపకుండా తీసిన కొలతలే.

ఈ కాలానికి భారతదేశంతో ఒక సంబంధం ఉంది. అంతర్జాతీయ భూగణిత, భూభౌతిక సమాఖ్యకు 1951 నుండి 1954 వరకు చాప్‌మన్ అధ్యక్షుడు. ఆయన తరువాత ఆ పదవిని చేపట్టినవాడు భారతీయుడైన కె.ఆర్. రామనాథన్.

అలాస్కా సంవత్సరాలు

చాప్‌మన్ 1919 నుండి 1924 వరకు మాంచెస్టర్‌లో, 1924 నుండి 1946 వరకు లండన్ లోని ఇంపీరియల్ కళాశాలలో, ఆ తరువాత 1953 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. 65 ఏళ్ళ వయసులో పదవీ విరమణ చేసినవారు వెచ్చని ఊరు చూసుకుంటారు. ఈయన మాత్రం చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీల దిగువకు పోయే ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణాన్ని ఎంచుకున్నాడు. అలాస్కా విశ్వవిద్యాలయపు జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శాస్త్ర సలహాదారు అయ్యాడు. మిగిలిన కాలం కొలరాడోలోని బౌల్డర్‌లో, హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీలో గడిపేవాడు. అప్పటి అలాస్కా సంస్థ డైరెక్టరు సి.టి. ఎల్వీ. ఎయిర్‌గ్లో అన్న పేరును 1950లో వాడుకలోకి తెచ్చినవాడు ఈయనే.

1957లో చాప్‌మన్ సూర్యుని కిరీటం నుండి వేడి ఎంత దూరం పాకుతుందో లెక్క వేసి, ఆ పలుచని వాయువు భూమి కక్ష్యను కూడా దాటి వ్యాపించి ఉండాలని చూపాడు. ఈ లెక్క చూసి ఆలోచనలో పడిన యూజీన్ పార్కర్ 1958లో సౌర పవన సిద్ధాంతాన్ని ఇచ్చాడు. 1958 చివరలో జపాన్ నుండి షున్-ఇచి అకసోఫు అనే యువకుడు శిష్యుడిగా వచ్చాడు. భూభౌతిక సంవత్సరంలో ధ్రువ ప్రాంతాల కెమెరాలు తీసిన వేలాది చిత్రాలను పేర్చి, ధ్రువజ్యోతి ఒక చోట పుట్టి ఎలా విస్తరించి చల్లారుతుందో 1964లో అకసోఫు వర్ణించాడు. పాత పరిశీలనల కుప్పలో నుండి క్రమాన్ని వెదికే గురువు పద్ధతి శిష్యునిలో కనబడుతుంది.

ధ్రువరాత్రిలో గాలి అలలు

1960లో కెనడాలో కాలిన్ హైన్స్ అయనావరణంలో కనిపించే కదలికలకు గాలిలోని గురుత్వ తరంగాలు కారణమని వివరించాడు. నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వాకర్షణ తరంగాలతో వీటిని కలపరాదు. పేర్ల పోలిక తప్ప సంబంధం లేదు. కొండ మీదుగా గాలి వీచినప్పుడు, ఉరుముల మేఘం పైకి లేచినప్పుడు గాలి పైకి తోసివేయబడి, బరువు వలన తిరిగి దిగి, ఊగుతుంది. చెరువులో రాయి వేస్తే లేచే అలల వంటివే. ఒక ఊపుకు కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటలు పడుతుంది. చాప్‌మన్ చదివిన ఆటుపోట్లు వీటికి పెద్దన్నల వంటివి.

ఈ అలలు పైకి పోయే కొద్దీ పెద్దవవుతాయి. 90 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల మీద ఉన్నదానిలో సుమారు మూడున్నర లక్షల వంతు మాత్రమే. మోసే శక్తి అంతే ఉండి, మోసే గాలి తగ్గినప్పుడు ఊపు పెరగక తప్పదు. దారిలో శక్తి నష్టం లేకపోతే ఊపు దాదాపు ఆరు వందల రెట్లవుతుంది. చివరకు సముద్రతీరాన కెరటం విరిగినట్లు విరిగి, తన తోపును అక్కడి గాలికి ఇచ్చివేస్తుంది. ఈ తోపు వలన ఒక విడ్డూరం జరుగుతున్నది. ఆరు నెలలు సూర్యుడు అస్తమించని వేసవి ధ్రువం పైన, 85-90 కిలోమీటర్ల ఎత్తు, భూ వాతావరణంలోకెల్లా అతి చల్లని చోటు. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. సూర్యుడే కనబడని శీతకాల ధ్రువం పైన అదే ఎత్తున గాలి ఇంతకంటే చాలా వెచ్చన. అలల తోపు గాలిని వేసవి ధ్రువం నుండి శీతకాల ధ్రువానికి నడిపిస్తుంది. ఇక్కడ లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, అక్కడ దిగిన గాలి నొక్కుకొని వేడెక్కుతుంది. అలలు విరిగి ఇలా తోయగలవని 1981లో గణితంతో చూపినవాడు చాప్‌మన్ సహరచయిత లిండ్‌జెన్.

దిగే గాలితో పాటు ఆమ్లజని పరమాణువులు కూడా దిగివస్తాయి. అందువల్లనే నెలల తరబడి సూర్యరశ్మి సోకని ధ్రువరాత్రిలో కూడా హైడ్రాక్సిల్ వెలుగు ఆరిపోదు. ఈ వెలుగు పొర సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున, ఎనిమిది కిలోమీటర్ల మందంతో, భూమికంతటికీ పరచిన తెర వంటిది. అల ఈ పొర గుండా పోయినప్పుడు కొన్ని చోట్ల వెలుగు హెచ్చుతుంది, కొన్ని చోట్ల తగ్గుతుంది. పరారుణ కెమెరా ఆకాశం వైపు తిప్పితే దున్నిన పొలంలో చాళ్ళ వలె ఈ చారలు కనబడతాయి. 1970 దశకంలో అమెరికాలో ఇటువంటి పరారుణ ఛాయాచిత్రాలు తీసారు. కాంతి పట్టీలోని గీతల బలాబలాలను పోల్చి ఆ ఎత్తున ఉష్ణోగ్రత ఎంతో కూడా చెప్పవచ్చు. ఉష్ణమాపకం పైకి పంపనక్కరలేదు.

ఈ పనికి ధ్రువ ప్రాంతాలు బహు అనుకూలం. మిగిలిన చోట్ల తెల్లవారగానే పరిశీలన ఆగిపోతుంది. దక్షిణ ధ్రువం మీద చలికాలపు చీకటిలో రోజుల తరబడి ఆపకుండా కొలవవచ్చు. పన్నెండు గంటల ఊపును పట్టాలంటే పన్నెండు గంటలకు మించిన రాత్రి కావాలి కదా. ఇబ్బందీ ఉంది. ధ్రువజ్యోతి వెలుగు చాలా కాంతి గీతలను కప్పివేస్తుంది. ఒకటిన్నర మైక్రాన్ల ప్రాంతపు పరారుణంలో ఈ బెడద తక్కువ కాబట్టి, అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు ఆ కాంతితో ఉష్ణోగ్రతల పటం గీసే కెమెరాను 2010లో దక్షిణ ధ్రువంపై అమర్చారు. డేవిస్ కేంద్రంలో 1995 నుండి 24 శీతకాలాలు తీసిన హైడ్రాక్సిల్ కొలతలలో ఆ పొర దశాబ్దానికి ఒక డిగ్రీకి కాస్త పైగా చల్లబడుతున్నట్లు కనిపించింది. కింది గాలిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు ఆ ఎత్తున వేడిని అంతరిక్షంలోకి వెదజల్లి గాలిని చల్లబరుస్తుంది. కాబట్టి ఈ దిశ ఊహించినదే.

2023 నవంబరులో ఇదే హైడ్రాక్సిల్ వెలుగును పైనుండి చూసే పరికరం ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది. ఆ కేంద్రం భూమధ్యరేఖకు అటూ ఇటూ 52 డిగ్రీల లోపే తిరుగుతుంది కాబట్టి ధ్రువాల మీది అలల కోసం మంచు మీద పెట్టిన కెమెరాలే దిక్కు. మన దేశంలో ఈ ఎత్తులలోని అలలను, ఆటుపోట్లను తిరుపతి దగ్గరి గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లు, లేజరు పరికరాలతో పరిశీలిస్తున్నది.

వ్యక్తిగత జీవితం, గౌరవాలు

చాప్‌మన్ 1922లో కాథరిన్ స్టైన్‌తాల్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె. నడక, ఈత, సైకిలు ఆయనకు ప్రాణం. వయసు మీరిన తరువాత కూడా సైకిలు మీదనే తిరిగేవాడు. 1919లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. లండన్ గణిత సంఘానికి, రాయల్ మెటియొరలాజికల్ సొసైటీకి, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వేరువేరు కాలాలలో అధ్యక్షుడుగా ఉన్నాడు. 1934లో రాయల్ పతకం, 1944లో డి మోర్గన్ పతకం, 1962లో బౌవీ పతకం, 1964లో కోప్లీ పతకం లభించాయి.

జూన్ 16, 1970న బౌల్డర్‌లో మరణించాడు. అకసోఫుతో కలిసి వ్రాసిన సూర్య-భూ భౌతిక శాస్త్ర గ్రంథం 1972లో వెలువడింది. చంద్రుని అవతలి వైపున ఉన్న ఒక బిలానికి, ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయంలో ఒక భవనానికి ఆయన పేరు పెట్టారు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన పేరిట పతకం ఇస్తున్నది. అమెరికా భూభౌతిక సమాఖ్య ఒక్కో చిన్న విషయాన్ని లోతుగా చర్చించడానికి జరిపే సమావేశాలకు చాప్‌మన్ సమావేశాలని పేరు.